ఎడమ కాలికి ఒకటి, కుడి కాలికి ఒకటి

మూడేళ్లపాటు ఎడమ కాలి సాక్సు మాత్రం మంచం మీద కూర్చునే వేసుకున్నాను. కుడి కాలికి ఆ తిప్పలు లేవు. గోడకి వీపు ఆనించి, కాలు పైకెత్తి, ఎలాగోలా తొడిగేసేదాన్ని. ఎడమ కాలు అలా ఎత్తి మోకాలు కాస్త చాపానో లేదో, తొడ వెనక ఎవరో తాడు బిగించినట్టయ్యేది. ఇంకాస్త చాపితే మోకాలి వెనక నుంచి పిక్క దాకా జివ్వుమనేది. హామ్‌స్ట్రింగ్స్, అంటే తొడ వెనక కండరాలు, బిగుసుకుపోయాయని నాకు నేనే తేల్చేసుకున్నాను. రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని ప్రూఫులు దిద్దే ఉద్యోగం, 44 ఏళ్ల వయసు. వేరే కారణం ఎందుకు వెతుకుతాను?

నిలబడి ముందుకి వంగితే నా చేతివేళ్లు మోకాలి చిప్ప దాటి ఇంకో జానెడు కిందికి వెళ్లేవి, అక్కడితో సరి. దాంతో స్ట్రెచింగ్ మొదలుపెట్టాను. నేనేది మొదలుపెట్టినా అతిగానే చేస్తానని ఇంట్లో అందరికీ తెలుసు. వెల్లకిలా పడుకుని, తువ్వాలు అరికాలికి తగిలించి, రెండు కొసలూ పట్టుకుని, కాలిని నిటారుగా నా వైపు లాక్కోవడం. ఒక్కో కాలికి రెండేసి నిమిషాలు. పాదం ఎంత వెనక్కి వంగితే అంత మంచిదనుకుని తువ్వాలు మునివేళ్ల దగ్గర వేసుకునేదాన్ని. పళ్లు బిగబట్టి, ఊపిరి బిగబట్టి, గోడ గడియారం కేసి చూస్తూ. నొప్పి పుడుతోందంటే పని జరుగుతున్నట్టేనని నా నమ్మకం.

రెండు నెలలకి కుడి కాలు మాట విన్నది. ఎడమది మొండికేసింది. మొండికేసినా బాగుండేది, ఎదురు తిరిగింది. సాయంత్రం స్ట్రెచింగ్ చేసిన రోజు రాత్రి అరికాల్లో చీమలు పాకినట్టుండేది. పొద్దున లేచి మొదటి పది అడుగులూ కుంటుకుంటూ వేసేదాన్ని. అప్పుడు వెళ్లిన ఫిజియోథెరపిస్టు కాలు ఒకసారి ఎత్తి చూసి, "చాలా టైట్‌గా ఉంది, ఇంకా గట్టిగా లాగండి" అని ఒక బొమ్మల కాగితం చేతిలో పెట్టాడు. ఇంకా గట్టిగా లాగాను. చీమలు ఎక్కువయ్యాయి.

ఆరు వారాలు పోయాక ఇంకొకరి దగ్గరికి వెళ్లాను. ఈ అమ్మాయి నాకంటే పదిహేనేళ్లు చిన్నదై ఉంటుంది. కాలు ముట్టుకునే ముందు ప్రశ్నలు అడిగింది. పాదం పైకెత్తలేక నేలకి తగులుతోందా? తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారినట్టుందా? మూత్రం, మలం విషయంలో కొత్తగా ఏమైనా తేడా వచ్చిందా? కాలిలో బలం రోజురోజుకీ తగ్గుతోందా? అన్నిటికీ లేదన్నాను. వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా వ్యాయామాల మాట పక్కనపెట్టి అప్పటికప్పుడు డాక్టర్ దగ్గరికి పంపేదాన్నని చెప్పింది. హామ్‌స్ట్రింగ్ కోసం వస్తే ఇవన్నీ ఎందుకు అడుగుతోందా అని ఆ పూట నాకు వింతగా అనిపించింది.

తర్వాత బల్ల అంచున కూర్చోబెట్టింది.

"వీపు గూనిలా వంచేయండి మేడమ్. గడ్డం ఛాతీకి ఆనించండి. ఇప్పుడు ఎడమ మోకాలు మెల్లగా చాపండి."

సగం దూరం వెళ్లేసరికి అదే తాడు, అదే జివ్వు. ఆగిపోయాను.

"కాలు అక్కడే ఉంచండి, కదపొద్దు. తల మాత్రం పైకెత్తి ఎదురుగా చూడండి."

తల ఎత్తాను. మోకాలి వెనక లాగుడు సగానికి సగం తగ్గిపోయింది. కాలు అంగుళం కూడా కదల్లేదు. తల దించాను, మళ్లీ వచ్చింది. ఎత్తాను, పోయింది. కొత్త స్విచ్చు దొరికిన చిన్నపిల్లలా నాలుగైదుసార్లు చేసి చూసుకున్నాను.

"మెడ నుంచి తొడ దాకా వెళ్లే కండరం ఒకటి చెప్పండి చూద్దాం" అంది నవ్వుతూ.

అలాంటిది లేదు. హామ్‌స్ట్రింగ్స్ మూడు కండరాలు. కూర్చున్నప్పుడు కుర్చీకి గట్టిగా తగిలే పిరుదు ఎముక దగ్గర మొదలై, మోకాలు దాటి కింద ఎముకలకి అతుక్కుంటాయి. కటి కదలకుండా ఉంటే, మనం తల ఎత్తినా దించినా వాటికి సంబంధం లేదు. తలతో సంబంధం ఉన్నది వెన్నుపాముకీ, దాన్ని చుట్టిన పొరలకీ, అక్కడి నుంచి కాలిలోకి దిగే నరానికీ. కుడి కాలితో ఇదే చేయించింది. అక్కడా తొడ వెనక లాగింది కానీ, తల ఎత్తినా దించినా ఆ లాగుడులో మార్పు లేదు. అంటే ఒకే మనిషికి, ఒకేలా పట్టేసినట్టు అనిపించే రెండు కాళ్లలో రెండు వేర్వేరు కథలు నడుస్తున్నాయన్నమాట.

దీన్ని స్లంప్ పరీక్ష అంటారట. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జెఫ్రీ మెయిట్‌లాండ్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అయితే ఏ జబ్బూ లేనివాళ్లకి కూడా ఈ భంగిమలో ఎంతో కొంత లాగుతుందనీ, లాగినంత మాత్రాన నరానికి ఏదో అయిపోయిందని కంగారు పడక్కర్లేదనీ ఆ అమ్మాయే చెప్పింది. చూడాల్సింది రెండే సంగతులు: మనల్ని రోజూ వేధించే ఆ లాగుడే ఇక్కడా వస్తోందా, రెండో కాలితో పోలిస్తే తేడా ఉందా. నా విషయంలో రెండిటికీ జవాబు అవుననే.

ఇంటికొస్తూ ఆలోచిస్తే మన మాటల్లోనే ఒక చిక్కుందనిపించింది. చేతి మీద నీలంగా ఉబ్బి కనబడేదాన్ని నరం అంటాం, అది రక్తం తీసుకెళ్లే సిర. రాత్రి పిక్క బిగుసుకుంటే నరం పట్టేసిందంటాం, అది కండరం. మడమ వెనక తాడులా చేతికి తగిలేదాన్నీ నరమే అంటాం, అది కండరాన్ని ఎముకకి కట్టే టెండన్. ఇన్నిటినీ నరం అని పిలిచిన నేను, తీరా అసలు నరమే లాగుతుంటే హామ్‌స్ట్రింగ్ అన్నాను.

ఆ అసలు నరం సయాటిక్ నరం. ఒంట్లో అన్నిటికంటే లావైనది, పిరుదు దగ్గర మన వేలంత ఉంటుంది. నడుము అడుగు భాగం నుంచీ, దాని కింద త్రికం నుంచీ వచ్చే అయిదు నరాల మూలాలు కలిస్తే ఇది తయారవుతుంది. తొడ వెనక సరిగ్గా హామ్‌స్ట్రింగ్స్ మధ్యలోంచే దిగి, చాలామందిలో మోకాలికి కాస్త పైన రెండుగా చీలి పాదం దాకా వెళ్తుంది. దారంతా కండరాలకి ఆనుకునే ప్రయాణం కాబట్టి, ఏది లాగుతోందో మనకి తెలియకపోవడంలో వింత లేదు. నరం రబ్బరు కాదు. కాలు చాపినప్పుడు అది సాగే బదులు ఎక్కువగా తన దారిలో అటూ ఇటూ జరిగి సర్దుకుంటుంది. ఎక్కడో ఒకచోట ఆ జరగడం సాఫీగా లేకపోతేనో, నరమే కాస్త చిరాగ్గా ఉంటేనో, లాగినప్పుడల్లా అరుస్తుంది.

నా రెండు నిమిషాల తువ్వాలు పట్టు ఎందుకు బెడిసికొట్టిందో కూడా అప్పుడు అర్థమైంది. కుందేళ్ల కాలి నరాల మీద 1970లలో చేసిన ప్రయోగాలు ఉన్నాయి. నరాన్ని దాని పొడవులో 8 శాతం సాగదీసేసరికి దాని లోపలి రక్తప్రసరణ దెబ్బతినడం మొదలైంది, 15 శాతానికి పూర్తిగా ఆగిపోయింది. నేను తువ్వాలుతో అంత సాగదీశానని కాదు. కానీ అప్పటికే చిరాగ్గా ఉన్న నరాన్ని, పాదం కూడా వెనక్కి వంచి రెండేసి నిమిషాలు బిగించి ఉంచితే అది ఊరుకోదని తెలియడానికి ఇది చాలు. పాదం వెనక్కి వంచితే హామ్‌స్ట్రింగ్‌కి ఒరిగేదేమీ లేదు కూడా. ఆ కండరాలు మోకాలి కిందే ఆగిపోతాయి, చీలమండ దాకా పోవు. అక్కడ అదనంగా లాగేది పిక్క, నరం. ఆ బొమ్మల కాగితంలో మాత్రం పాదం వెనక్కి వంచే ఉంది.

ఒక పిట్టకథ. వెల్లకిలా పడుకోబెట్టి కాలు చాపి పైకెత్తే పరీక్ష ఉంది కదా, సయాటికా, అంటే ఈ నరం దారిలో పాకే నొప్పి, ఉందేమోనని అనుమానం వస్తే డాక్టర్లు చేసేది. దాన్ని ఫ్రెంచ్ వైద్యుడు లాసెగ్ పేరుతో పిలుస్తారు. 1881లో దాన్ని వివరిస్తూ రాసింది ఆయన శిష్యుడు. అంతకు ముందు ఏడాదే, 1880లో, సెర్బియా వైద్యుడు లాజారెవిచ్ దీని గురించి రాశాడు. పేరు ఒకరిది, రాత ఇంకొకరిది, అంతకు ముందే రాసింది మూడోవాడు. ప్రూఫులు దిద్దేదాన్ని కాబట్టి ఇలాంటివి కనబడితే నా చెయ్యి ఎర్ర పెన్ను కోసం వెతుకుతుంది.

సరే, ఎడమ కాలికి లాగడం బదులు ఆ అమ్మాయి నేర్పింది గ్లైడింగ్, నరాన్ని దాని దారిలో జరపడం. నర్వ్ గ్లైడింగ్ అంటే ఏమిటో ఆ అమ్మాయి పైజామా బొందుతో చెప్పింది. బొందు ఒక కొస వదిలేసి రెండో కొస లాగితే లోపల జారుతుంది. తర్వాత ఈ కొస వదిలి ఆ కొస లాగితే వెనక్కి జారుతుంది. దీన్ని స్లైడర్ అంటారు. రెండు కొసలూ ఒకేసారి లాగితే బొందు జారదు, బిగుస్తుంది. అది టెన్షనర్. చిరాగ్గా ఉన్న నరానికి ముందు కావాల్సింది జారడం. దానికి ఇప్పటికే ఉన్న టెన్షన్ చాలు.

కుర్చీలో కూర్చుని చేసేది ఇలా. వీపు కాస్త వదులుగా వంచి కూర్చోవాలి. మోకాలు చాపుతూ, అదే సమయంలో తల పైకెత్తాలి. మోకాలు మడుస్తూ, అదే సమయంలో తల దించాలి. కింద లాగుతున్నప్పుడు పైన వదులు, పైన లాగుతున్నప్పుడు కింద వదులు. ఎక్కడా ఆగి పట్టి ఉంచకూడదు. లాగుడు మొదలవుతోంది అనగానే వెనక్కి వచ్చేయాలి, దాన్ని దాటి పోకూడదు. పదీ పదిహేనుసార్లు, మధ్యలో కాస్త ఆగి మూడు విడతలు. చేస్తుంటే ఏమీ చేస్తున్నట్టు ఉండదు. నాలాంటివాళ్లకి అదే కష్టం. చెమట పట్టదు, నొప్పి పుట్టదు, పళ్లు బిగబట్టే పని లేదు. మొదటి వారమంతా మోసపోతున్నట్టే అనిపించింది.

పడుకుని చేసేది ఇంకోటి ఉంది. తొడని రెండు చేతులతో పట్టుకుని నిలువుగా ఉంచి, మోకాలు చాపేటప్పుడు పాదం ముందుకి వాల్చాలి, మడిచేటప్పుడు పాదం మన వైపు లాక్కోవాలి. ఇక్కడ తల బదులు పాదం రెండో కొస. మెడనొప్పి ఉన్నవాళ్లకి ఇది సుఖం.

మూడో రోజు మా అమ్మాయి పక్కన కూర్చుని లెక్కపెడుతూ, "అమ్మా, నువ్వు కాలు చాపినప్పుడల్లా తల దించుతున్నావు" అంది. నిజమే. కాలు ఎంతదాకా వెళ్తోందో చూసుకోవాలని తల కిందికి పోతోంది. అంటే మూడు రోజులుగా రెండు కొసలూ కలిపి లాగుతున్నాను. స్లైడర్ అనుకుంటూ టెన్షనర్ చేశాను. గ్లైడింగ్ చేశాం, ఏం లాభం లేదనేవాళ్లలో కొందరు నాలా కాలి కేసి చూస్తూ చేసినవాళ్లే అయ్యుంటారని నా అనుమానం. అప్పటి నుంచి ఎదురుగా గోడ మీద, పైకప్పుకి దగ్గరగా ఒక పసుపు చీటీ అంటించుకుని దాన్నే చూస్తూ చాపాను.

ఇక్కడే నాకో ఆలోచన వచ్చింది. రెండు కాళ్లూ నావే, రెండు సమస్యలూ నావే. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి పెట్టి చూస్తే? ఎడమకి గ్లైడింగ్ మాత్రమే, కుడికి స్టాటిక్ స్ట్రెచింగ్ (లాగి, కదలకుండా పట్టి ఉంచడం) మాత్రమే, నాలుగు వారాలు. తర్వాత రెండు వారాలు తారుమారు. ఫిజియో అమ్మాయికి చెబితే, "చేయండి, కానీ చీమలు మొదలైతే ఆపేయండి" అంది.

కొలత కోసం వెల్లకిలా పడుకుని, తొడని నేలకి నిలువుగా పట్టుకుని, మోకాలు ఎంతవరకు చాపగలనో చూసేదాన్ని. మా అమ్మాయి ఫోన్‌లో కోణం కొలిచే యాప్ పెట్టి ముంగాలి ఎముక మీద ఆనించేది. కాలు పూర్తిగా నిటారు కావడానికి ఇంకా ఎన్ని డిగ్రీలు తక్కువ పడిందో రాసుకునేవాళ్లం. అంకె తగ్గితే మంచిదన్నమాట. మొదటి రోజు ఎడమ 41, కుడి 36.

కుడి కాలి స్ట్రెచింగ్ పద్ధతి కూడా మార్చుకున్నాను. రెండు నిమిషాలు అనవసరం. 1994లో బ్యాండీ, ఐరియన్ అనే ఇద్దరు చేసిన పరిశోధనలో 15, 30, 60 సెకన్లు పట్టి ఉంచే బృందాలని పోల్చారు. వారానికి అయిదు రోజులు, ఆరు వారాలు. 15 సెకన్ల కంటే 30 మెరుగ్గా పనిచేసింది, 60 సెకన్లు పట్టినవాళ్లకి 30 కంటే అదనంగా వచ్చిందేమీ లేదు. నేను పళ్లు బిగబట్టి గడిపిన మిగతా తొంభై సెకన్లన్నీ కలిపితే ఎన్ని గంటలవుతాయో లెక్కేయలేదు, వేస్తే ఏడుపొస్తుంది.

ఇప్పుడు చేసే తీరు ఇది. మడమ ఒక పొట్టి స్టూలు మీద పెట్టి, పాదం వదులుగా వదిలేసి, మోకాలు పిసరంత మడిచి, వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గర ముందుకి వంగడం. కీలకం ఆ తుంటి దగ్గరే ఉంది. ఇదివరకు వీపు గుండ్రంగా వంచి చేతులు పాదం వైపు చాపేదాన్ని, అలా చేస్తే సాగేది ఎక్కువగా వీపు. పిరుదు ఎముక వెనక్కి, పైకి జరిగితేనే హామ్‌స్ట్రింగ్ పై కొస లాగబడుతుంది. నాలుగంగుళాలు వంగేసరికే తొడ నట్టనడుమ నిండుగా లాగేది. 30 సెకన్లు, మూడుసార్లు.

మొదటి రోజే తమాషా జరిగింది. చేసిన వెంటనే కొలిస్తే ఎడమ 41 నుంచి 32కి వచ్చింది. కుడి 36 నుంచి 31. "నరం గెలిచింది" అని మా అమ్మాయి ప్రకటించేసింది. మర్నాడు పొద్దున కొలిస్తే ఎడమ 38, కుడి 35. గెలుపు రాత్రికి రాత్రే కరిగిపోయింది.

ఈ తమాషా నా ఒక్కదానిదే కాదు. హామ్‌స్ట్రింగ్స్ పొట్టిగా ఉన్న 120 మంది మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో నరం గ్లైడింగ్, స్టాటిక్ స్ట్రెచింగ్, ఉత్తుత్తి చికిత్స పోల్చి చూశారు. కాలు చాపి పైకెత్తే కొలతలో ఎక్కువ లాభం గ్లైడింగ్ చేసినవాళ్లకే వచ్చింది. స్ట్రెచింగ్ దాని తర్వాత. అవి కొద్ది రోజుల్లో కనబడే ఫలితాలు, అంతకు మించి వాటిని సాగదీయకూడదు. నన్ను ఆకట్టుకున్నది వేరే. వాళ్లు నరాల రోగులు కారు, మామూలుగా కాళ్లు పట్టేసినట్టుండేవాళ్లే. నరంలో తేడా లేనివాళ్లకి నరాన్ని జరిపితే కాలెందుకు వదులవుతుంది?

నాకు నచ్చిన జవాబు ఏమిటంటే, వదులయ్యేది కండరం కాదు, మన ఓర్పు. కొన్ని వారాల స్ట్రెచింగ్‌తో కండరం పొడవు పెరిగిపోతుందని నేనూ అనుకునేదాన్ని. 2010లో వెప్లర్, మాగ్నుసన్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ పరిశీలించి, కొద్ది వారాల్లో కనబడే లాభంలో ఎక్కువ భాగం, లాగుడుని మనం గ్రహించే తీరు మారడం వల్లే వస్తోందని రాశారు. కండరం అదే, దాని బిగువు అదే. ఇదివరకు 'ఇక చాలు' అనిపించిన చోట ఇప్పుడు 'ఇంకాస్త ఫరవాలేదు' అనిపిస్తుంది. గ్లైడింగూ ఆ తలుపే ఇంకో వైపు నుంచి తడుతోందేమో. నొప్పి పుట్టకుండా అంచుదాకా వెళ్లి రావడం పదే పదే జరిగితే, ఇది ప్రమాదం కాదని లోపల ఎవరికో నమ్మకం కుదురుతుంది.

నాలుగు వారాల చివర ఎడమ 25, కుడి 24. ఇద్దరూ సమానం. నా పుస్తకంలో ఆ రోజు అంకెల కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

అసలు కథ తారుమారు చేశాకే. కుడి కాలికి గ్లైడింగ్ పెట్టిన రెండు వారాల్లో 24 కాస్తా 23 అయింది, అంతే. చెడలేదు, పెద్దగా మెరుగుపడనూ లేదు. తల ఎత్తినా దించినా తేడా రాని కాలికి జరపడానికి పెద్దగా మిగిలిందేమీ లేదేమో. ఎడమ కాలికి స్ట్రెచింగ్ పెట్టాక మూడు రోజులు బుద్ధిగా స్టూలు మీద, పాదం వదులుగా, 30 సెకన్లు. బాగానే ఉంది. నాలుగో రోజు పాత బుద్ధి బయటపడింది. 25 వచ్చింది కదా, 20 కూడా చూసేద్దామని తువ్వాలు తీశాను, పాదం వెనక్కి వంచాను, నిమిషం దాటించాను. రాత్రి చీమలు. మర్నాడు కొలత 31. ప్రయోగం అక్కడితో ఆపేసి ఎడమకి మళ్లీ గ్లైడింగే పెట్టాను. తిరిగి 25కి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.

దీన్ని సైన్సు అనను. ఏ కాలికి ఏది చేస్తున్నానో నాకు తెలుసు, ఏది గెలవాలని కోరుకుంటున్నానో కూడా తెలుసు. రెండు కాళ్ల పైనా ఉన్నది ఒకే తల, ఓర్పు పెరిగితే రెండిటికీ కలిపి పెరిగి ఉండొచ్చు. ఒకరు రాసిన తప్పు పట్టుకోవడంలో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న నాకు నా తప్పులు కనబడవని ముందే ఒప్పుకుంటున్నాను. అయినా ఒక్క మాట మాత్రం గట్టిగా అంటాను. ఏది మంచిదని అడగడానికి ముందు, బల్ల అంచున కూర్చుని తల ఎత్తి దించి చూసుకోండి. ఆ రెండు నిమిషాల పని నాకు ఎవరైనా మూడేళ్ల ముందు చెప్పి ఉంటే ఆ తువ్వాలు ఒళ్లు తుడుచుకోవడానికే మిగిలేది.

ఇది చదివి అందరూ గ్లైడింగ్ మొదలుపెట్టేస్తారేమోనని మా చెల్లెలి సంగతి కూడా చెప్పాలి. తను పరుగులు తీస్తుంది. ఎక్కువసేపు కూర్చుంటే పిరుదు ఎముక దగ్గర ఒకేచోట, వేలితో చూపించగలిగేంత చోట నొప్పి. "అక్కా, నేనూ నీ తల ఎత్తడం దించడం చేస్తాను" అంది. తల ఎత్తి దించి చూసింది, తేడా లేదు. స్ట్రెచింగ్ చేస్తే మాత్రం నొప్పి పెరుగుతోంది. నేను డాక్టర్ వేషం వేయకుండా తనని చూపించుకోమన్నాను. ఎముకకి అతుక్కునే దగ్గర టెండన్‌లో సమస్య అని తేలింది. అక్కడ బాగా ముందుకి వంగి లాగితే టెండన్ ఎముకకి అదుముకుని ఇంకా చిరాకు పడుతుందట. తనకి స్ట్రెచింగూ వద్దన్నారు, గ్లైడింగూ ఇవ్వలేదు. మెల్లగా బరువులు పెంచుకుంటూ కండరాన్ని బలపరచమన్నారు. మూడు రకాల కాళ్లు, మూడింటి ఫిర్యాదూ ఒకటే: వెనక పట్టేసింది.

బరువుల మాట వచ్చింది కాబట్టి, నాకూ అవి తప్పలేదు. చేతిలో బరువు పట్టుకుని, మోకాళ్లు కాస్తే మడిచి, తుంటి వెనక్కి తోస్తూ మెల్లగా వంగి లేవడం. కండరం సాగుతూ పనిచేస్తుంది కాబట్టి వదులుతనమూ పెరుగుతుంది, బలమూ వస్తుంది. నాకు ఇష్టం లేదు, వారానికి రెండుసార్లు తిట్టుకుంటూ చేస్తాను.

ఇప్పుడు ఎడమ 22, కుడి 20 దగ్గర ఆగాయి. రెండు నెలలుగా కదల్లేదు, నేనూ పట్టించుకోవడం మానేశాను. సాక్సులు రెండూ నిలబడే వేసుకుంటున్నాను. కుడికి వారంలో నాలుగు రోజులు స్టూలు, ఎడమకి రోజుకి రెండు మూడుసార్లు గ్లైడింగ్. గంటల తరబడి కూర్చుంటే మాత్రం ఎడమది ఇప్పటికీ గుర్తు చేస్తుంది, అందుకే ఆఫీసులో మీటింగ్ సాగుతున్నప్పుడు బల్ల కింద కాలు చాపుతూ తల పైకెత్తుతుంటాను. ఎదురుగా కూర్చునే ఆయన పోయిన వారం రెండుసార్లు ఆగి, తనూ సీలింగ్ కేసి చూశాడు.